పాత కారుకు కొత్త రంగు: అవసరమా? ఆడంబరమా?

వస్తువును కొన్ననాడు మనిషి దాని ధరను గూర్చి ఆలోచిస్తాడు. అది పాతబడిననాడు తన పరువును గూర్చి ఆలోచిస్తాడు. ఇంటి ముందు నిలిచిన కారు రంగు వెలిసి, టాపు మీద సుద్ద పూసినట్లు తెల్లబారి, తలుపు అంచున ఒక పొక్కు లేచిందంటే చాలు, దారిన పోయేవారి చూపులన్నీ ఆ పొక్కు మీదనే నిలుస్తున్నట్లు యజమానికి తోస్తుంది. అప్పుడు ఆయన ముందు రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి, ఉన్న రంగునే శుభ్రపరచి, సానపట్టి, దాని పూర్వపు మెరుగును తిరిగి రాబట్టుకోవడం. రెండవది, పాత రంగును గీకించి, కారునంతటినీ కొత్త రంగుతో కప్పివేయడం. ఈ రెండింటిలో ఏది యుక్తమో, ఎప్పుడు యుక్తమో విచారించడమే ఈ వ్యాసం యొక్క ఉద్దేశం.

ఇది కలిగినవారి గొడవ, మనకెందుకని కొందరు పాఠకులు అనుకోవచ్చు. కాని అది సరికాదు. కలిగినవాడు పాతదాన్ని వదిలి కొత్తది కొంటాడు. అతనికి ఈ ప్రశ్నే లేదు. జాతీయ రహదారి 44 మీద ఉన్న కామారెడ్డిలో గాని, అక్కడి నుండి లోపలికి ఎల్లారెడ్డి, నిజాంసాగర్ వైపు పల్లెల్లో గాని, ఎన్నో కుటుంబాలకు మొదటి కారు అంటే ఇద్దరు ముగ్గురి చేతులు మారి వచ్చిన కారే. ఒక ఉపాధ్యాయుడో, చిన్న వ్యాపారో, పొలం మీద నాలుగు రూపాయలు మిగుల్చుకున్న రైతో దాన్ని కొంటాడు. ఇంట్లో పెండ్లి నిశ్చయం కాగానే, బంధువులు వచ్చేలోగా కారుకు రంగు వేయించాలన్న మాట బయలుదేరుతుంది. ఆ రంగుకయ్యే సొమ్ము పిల్లల కళాశాల ఫీజులోనుండి తీసినదైనా కావచ్చు. కావున ఇది సామాన్యుని సమస్యే.

ఈ విషయాన్ని తేల్చడానికి దక్కను ప్రజల వాడుకలోనే మంచి మాటలున్నాయి. మొదటిది రఫూ. షేర్వానీకో, శాలువాకో చిరుగు పడినప్పుడు రఫూ చేసేవాడు ఆ వస్త్రంలోని పోగులే తీసి, ఆ నేతలోనే కలిపి, చిరుగు ఎక్కడ ఉన్నదో తెలియకుండా పూడుస్తాడు. వస్త్రం మారదు, గాయం మానుతుంది. రెండవది కలాయి. ఇత్తడి, రాగి పాత్రల లోపలి తగరపు పూత అరిగిపోతే, పులుపు తగిలి చిలుము పట్టి వంట పాడవుతుంది. అప్పుడు పాత్రను తోమి, నిప్పు మీద కాచి, కొత్త పూత పూయక తప్పదు. అది అలంకారం కాదు, రక్షణ. ఈ రెండూ కానిది మూడవది ఒకటున్నది: ముసుగు. లోపల చెడినది చెడినట్లే ఉండగా, చూసేవాని కన్ను కప్పడానికి పైన వేసే పూత. మన పెద్దలు దీనినే ‘పైన పటారం, లోన లొటారం’ అన్నారు.

పాత కారు విషయంలో మనం అడగవలసిన ప్రశ్న ‘రంగా, పాలిషా’ అన్నది కాదు. చేయించబోయే పని రఫూయా, కలాయియా, లేక ముసుగా అన్నది. రఫూతో పోయేచోట రఫూ చేయించాలి. లోహానికే ప్రమాదం వచ్చినచోట కలాయి వలె కొత్త పూత వేయించాలి. ముసుగు మాత్రం ఎన్నడూ వేయరాదు. నా అభిప్రాయం ఇంతే. దీనికి కారణాలు వివరిస్తాను.

మొదట కారు రంగు అంటే ఏమిటో తెలుసుకోవాలి. మోటారు కార్లు కొత్తగా వచ్చిన రోజుల్లో గుర్రపు బండ్లకు వేసే వార్నిషు రంగులే వాటికీ వేసేవారు. అవి పొరమీద పొరగా ఆరడానికి వారాలు పట్టేది. 1920లలో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థ ‘డ్యూకో’ అనే త్వరగా ఆరే రంగును మార్కెట్టులోకి తెచ్చిన తరువాత ఈ పరిస్థితి మారింది. నేటికీ మన దేశంలో తుపాకీతో కొట్టే నున్నని రంగును చాలామంది ‘డ్యూకో’ అనే పిలుస్తారు. ఆ తరువాత ఎనామెల్ రంగులు వచ్చాయి. మన రోడ్లను దశాబ్దాల పాటు ఏలి 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడర్ వంటి పాత కార్లలో ఎక్కువగా ఉండేది ఒకే రకపు రంగు. పైనుండి అడుగుదాకా అదే రంగు, అదే మెరుపు.

నేటి కార్ల సంగతి వేరు. కర్మాగారంలో కారు ఉక్కు దేహాన్ని మొదట శుభ్రపరచి, ఒక పెద్ద తొట్టిలో పూర్తిగా ముంచి, విద్యుత్తు సహాయంతో ప్రైమరు పట్టిస్తారు. చేయి దూరని సందులలోనికి, తలుపుల లోపలి మడతలలోనికి కూడ ఆ పూత చేరుతుంది. దానిని అధిక ఉష్ణంలో కాల్చి గట్టిపరుస్తారు. దానిపై మరొక ప్రైమరు, దానిపై రంగు, అన్నింటికీ పైన రంగులేని పారదర్శకమైన క్లియర్ కోటు. ఈ పొరలన్నీ కలిసినా మందం సుమారు 100 నుండి 150 మైక్రాన్లు మాత్రమే. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మన తల వెంట్రుక మందం షుమారు 70 మైక్రాన్లు ఉంటుందనుకుంటే, కారును ఎండవానల నుండి కాపాడుతున్న కవచమంతా రెండు వెంట్రుకల మందమే అన్నమాట.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించాలి. కర్మాగారంలో రంగును కాల్చేది సుమారు 140 డిగ్రీల వేడిలో. అప్పటికి కారులో సీట్లు లేవు, తీగలు లేవు, రబ్బరు లేదు, ప్లాస్టిక్కు లేదు; ఉన్నది ఉక్కు దేహం ఒక్కటే. తిరుగుతున్న కారును ఏ షెడ్డులోనూ అంత వేడిలో పెట్టలేరు. పెడితే లోపలి వస్తువులన్నీ కరిగిపోతాయి. మంచి షెడ్డులోనైనా 60 డిగ్రీల ప్రాంతంలో ఆరబెడతారు. సామాన్యమైన షెడ్డులో సూర్యుడే దిక్కు. పైగా, తొట్టిలో ముంచి పట్టించిన ఆ అడుగు పూతను మళ్లీ పట్టించడం ఏ షెడ్డుకూ సాధ్యం కాదు. కావున, గట్టిగా అంటుకొని ఉన్న కర్మాగారపు పూతను కేవలం వెలిసిపోయిందన్న కారణంతో ఇనుము కనబడేదాకా గీకించడమంటే, తిరిగి దొరకని దాన్ని పారవేసి దొరికేదాన్ని కొనుక్కోవడమే. ఎంత నేర్పరియైన మేస్త్రి చేసినా ఈ తేడా పూర్తిగా పోదు. ఇందులో మేస్త్రి లోపం లేదు, పరిస్థితి అటువంటిది.

మరి రంగు వెలవెలబోవడానికి కారణమేమిటి? ముఖ్య కారణం ఎండ. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు రంగు రేణువులను పట్టి ఉంచే జిగురు పదార్థాన్ని క్రమంగా విరగ్గొడతాయి. గాలిలోని ప్రాణవాయువు దానికి తోడవుతుంది. పైపొర పొడిబారి సుద్దవలె మారుతుంది. మండు వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో నీడలేని చోట నిలిపిన కారు బానెట్టు, టాపు ముందుగా వెలుస్తాయి. పక్క తలుపులు చాలాకాలం బాగుంటాయి. ఎరుపు రంగు త్వరగా వెలుస్తుంది. తెలుపులో మార్పు అంతగా కనబడదు. పక్షి రెట్ట, చెట్ల జిగురు, బోరునీటిలోని ఉప్పు మరకలు, మట్టిరోడ్ల దుమ్మును పొడిగుడ్డతో తుడిచినప్పుడు పడే సన్నని గీతలు మిగిలిన పనిని పూర్తిచేస్తాయి. ఇందులో అధికభాగం పైపొరకు సంబంధించిన వ్యాధే గాని, లోపలికి పోయినది కాదు.

వ్యాధి ఎంతలోతున ఉన్నదో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కరలేదు. కారును బాగా కడిగి, నీడలో నిలిపి, వెలిసిన భాగాన్ని తడిపి చూడాలి. తడిగా ఉన్నంతసేపు పూర్వపు రంగు కనబడి, ఆరగానే మళ్లీ వెలవెలబోతే, జబ్బు పైపొరదే. పాలిషుకు లొంగే అవకాశం ఎక్కువ. తరువాత కనబడని మూలలో తెల్లని గుడ్డకు కొద్దిగా రబ్బింగ్ కాంపౌండు అద్ది రుద్దాలి. గుడ్డకు కారు రంగు అంటితే అది పాతరకపు ఒకే పూత; అంటకపోతే పైన క్లియర్ కోటు ఉన్నదని అర్థం. గీత మీద గోరును అడ్డంగా నడిపితే గోరు తట్టుకోకుండా పోతే ఆ గీత పాలిషుకు పోవచ్చు. గోరు తట్టుకుంటే అది లోతైనది, చిన్న కుంచెతో అదే రంగు పూసి పూడ్చవలసినది. చర్మం వలె పొరలుపొరలుగా పెచ్చులూడుతుంటే క్లియర్ కోటు చనిపోయిందన్నమాట. దానిని ఏ పాలిషూ బ్రతికించలేదు. పొక్కు లేచి, నొక్కితే కరకరమంటే లోపల తుప్పు ఉన్నది. అప్పుడు ఆలస్యం చేయరాదు.

‘గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు’ అన్న సామెత ఈ విషయానికి అక్షరాలా వర్తిస్తుంది. చాలా కార్లకు కావలసినది ఒక పూట శ్రమ: మంచి కడుగుడు, కాంపౌండు, పాలిషు, పైన మైనపు పూత. దీని ఖర్చుతో పోలిస్తే పూర్తి రంగు ఖర్చు అనేక రెట్లు. తక్కువ ఖర్చుతో రంగు వేస్తామన్నవారు తగ్గించేది సాధారణంగా రంగులో కాదు, రంగుకు ముందు చేయవలసిన పనిలో. అద్దాల రబ్బర్లు విప్పరు, కాగితాలు అంటించి కొట్టేస్తారు. వాటర్ పేపరుతో నీరు పోస్తూ గంటలకొద్దీ తోమవలసినచోట నిమిషాలలో ముగిస్తారు. తుప్పును పూర్తిగా తీయకుండా లప్పం మెత్తుతారు. రెండు వర్షాకాలాలు గడిచేసరికి రబ్బరు పక్కనుండి పెచ్చులు లేస్తాయి. అప్పుడు పాత రంగూ ఉండదు, కొత్త రంగూ ఉండదు.

అలాగని పాలిషు సర్వరోగ నివారిణి అనడం లేదు. పాలిషు అంటే పైపొరను కొద్దికొద్దిగా అరగదీయడమే. క్లియర్ కోటు మందం 40, 50 మైక్రాన్ల ప్రాంతంలోనే ఉంటుంది. ప్రతిసారీ కొంత పోతుంది. ఏటేటా పండుగకు ఒకసారి యంత్రంతో గట్టిగా రుద్దిస్తే, ముఖ్యంగా అంచుల వద్ద, ఆ పొర పూర్తిగా తెగిపోతుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లవుతుంది. కాబట్టి పాలిషు అరుదుగాను, కడుగుడు, మైనం, నీడ తరచుగాను ఉండాలి. వెయ్యి పాలిషుల కంటే ఒక వేపచెట్టు నీడ మేలు. ఐతే పక్షుల రెట్టను వెంటనే నీళ్లతో కడగాలి.

కొత్త రంగు తప్పనిసరియైన సందర్భాలు కూడ ఉన్నాయి. తుప్పు పట్టినచోట, పెచ్చులు విస్తారంగా లేచినచోట, ప్రమాదంలో రేకు చితికినచోట, వెనుకటివారు వేయించిన నాసిరకపు రంగు తానే రాలిపోతున్నచోట కొత్త పూత వేయక తప్పదు. అక్కడ పిసినారితనం పనికిరాదు. చక్రాల పై వంపులో, తలుపు అడుగు అంచున, నీరు పోయే రంధ్రాలు మట్టితో పూడిన చోట తుప్పు మొదలవుతుంది. అది రంగుకింద చెదపురుగు వలె పాకుతుంది. అటువంటిచోట ఇనుము తెల్లగా కనబడేదాకా తోమి, ప్రైమరు పట్టించి, రంగు వేయించాలి. కాని ఒక తలుపుకు జబ్బు చేసిందని కారంతటికీ చికిత్స చేయనక్కరలేదు. చెడిన భాగానికి మాత్రం రంగు వేయించి, మిగిలిన దానిని పాలిషుతో దానికి సరిపోయేటట్లు చేయించడమే వివేకం. కర్మాగారపు రంగు సంఖ్య చాలా కార్లలో బానెట్టు కిందనో, తలుపు పక్కనో ఒక రేకు మీద ఉంటుంది. ఐనా ఎండకు వెలిసిన పాత రంగుకు, డబ్బాలోని కొత్త రంగుకు కొంత తేడా ఉంటుంది. దానిని కంటితో సరిపోల్చి కలపడమే మంచి మేస్త్రి విద్య.

ఉన్నదాన్ని నిలుపుకోవడంలోని గౌరవం ఏమిటో తెలియాలంటే మన రాజధానికి వెళ్లి చౌమహల్లా ప్యాలెస్ చూడాలి. అక్కడ 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు ఒకటి ప్రదర్శనలో ఉన్నది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దానిని తయారు చేయడానికి ఆర్డరు ఇచ్చారు. 1911లో ఆయన కన్నుమూయడంతో అది ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో హైదరాబాదు చేరింది. దాని రంగు పసుపు. నూరేళ్లు దాటినా అది పసుపురంగులోనే దర్శనమిస్తున్నది. ఎవరైనా దానికి నేటి అభిరుచి ప్రకారం మరేదో రంగు వేసి ఉంటే, అది రోల్స్ రాయిస్ కారుగానే మిగిలేది. కాని హైదరాబాదు చరిత్రలోని ఒక పుటగా మిగిలేది కాదు. ఆ కారును నిలిపిన చౌమహల్లా భవనం కూడ ఇదే పద్ధతిలో పునరుద్ధరణ పొంది 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారాన్ని అందుకున్నది.

అంతదూరం పోలేనివారికి మన కామారెడ్డి జిల్లాలోనే దోమకొండ కోట ఉన్నది. దాని పునరుద్ధరణకు 2022లో యునెస్కో వారి అదే పురస్కారాలలో గుర్తింపు లభించింది. పాత కట్టడాలను నిలబెట్టే పనిలో ఒక నియమం ఉన్నది: ఉన్నదానిని వీలైనంత ఉంచాలి, పోయినచోట మాత్రమే పూరించాలి, పూరించేది పాతదానికి ఇమిడే పదార్థం కావాలి. సున్నపు గచ్చు గోడపై సిమెంటు పూస్తే చూడడానికి నున్నగా ఉంటుంది; కాని లోపలి తేమ బయటికి పోలేక గోడను తినివేస్తుంది. తుప్పు మీద లప్పం మెత్తి రంగు కొట్టడానికీ దీనికీ తేడా లేదు. కోటకు వర్తించిన నీతి కారుకు వర్తించదనడానికి కారణం కనబడదు.

మన చట్టం కూడ అసలు రూపానికి విలువ ఇస్తున్నది. రిజిస్ట్రేషన్ పత్రంలో కారు రంగు నమోదై ఉంటుంది. రంగు మార్చినవారు రవాణా కార్యాలయానికి తెలిపి పత్రంలో ఆ మార్పును రాయించుకోవాలి. లేకపోతే కారొకటి, పత్రమొకటి అవుతాయి, దారిలో తనిఖీలో చిక్కులు వస్తాయి. సొంత కార్ల రిజిస్ట్రేషను 15 సంవత్సరాలకు ముగుస్తుంది. తరువాత తనిఖీ జరిపించి అయిదేసి సంవత్సరాలకు పొడిగించుకోవాలి. ఆ గడువుకు ముందే రంగుకు సొమ్మంతా ఖర్చుచేసి, బ్రేకులకు, టైర్లకు, పొగ తగ్గించే మరమ్మతుకు చేతిలో పైసా లేకుండా చేసుకోవడం అవివేకం. ఇక 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం 50 ఏళ్లు పైబడిన పాత వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఛాసిస్‌లోను, బాడీలోను, ఇంజనులోను పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో నిలిచిన వాహనాలకే ఆ గౌరవం దక్కుతుంది. తాతగారి కారు ఎవరి పెరట్లోనైనా ఉంటే, దానిమీద గరుకు కాగితం పెట్టకముందు ఈ సంగతి ఆలోచించడం మంచిది.

ఇంతవరకు చెప్పినది లాభనష్టాల విచారణ. దీనికంటె పెద్ద విషయం మరొకటి ఉన్నది. అది న్యాయాన్యాయాలకు సంబంధించినది. 2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి ప్రాంతంలో కురిసిన కుండపోత వర్షాలు ఎవరూ మరచిపోలేదు. కాలనీలు నీట మునిగాయి. రైలు మార్గం దెబ్బతిన్నది. ఇండ్ల ముందు నిలిపిన వాహనాలు వరదపాలయ్యాయి. నీటిలో నిలిచిన కారుకు గాయం పైన ఉండదు. తలుపుల లోపలి మడతల్లో, తివాచీ కింద, తీగల కీళ్లలో బురదనీరు చేరి, నెలల తరబడి నెమ్మదిగా తింటుంది. బయటి రంగు మాత్రం కడిగితే మెరుస్తూనే ఉంటుంది. కొత్త రంగు వేస్తే మరీ మెరుస్తుంది. అటువంటి కారును తళతళలాడించి, నిజం చెప్పకుండా, కొనేవాని చేతిలో పెట్టడం ముసుగు గాక మరేమిటి? ఆ కొనేవాడు మరెవరో కాదు, జీవితంలో మొదటిసారి కారు కొంటున్న ఏ ఎల్లారెడ్డి పల్లెవాసియో. ఆయన మోసపోయేది రంగులో కాదు, ఏళ్ల కూడబెట్టిన సొమ్ములో. ఒక్కొక్కప్పుడు ప్రాణంలో కూడ.

ఈ విషయంలో మతాలన్నిటి మాటా ఒక్కటే. వానకు తడిసిన ధాన్యాన్ని రాశి అడుగున దాచి, పొడి ధాన్యాన్ని పైన పరచిన వర్తకుని మహమ్మద్ ప్రవక్త మందలించిన సంగతి ముస్లిం విద్యార్థులకు తెలిసినదే; తడిసినది పైన పెట్టి చూపాలన్నది ఆ బోధ సారాంశం. తెలుగు రైతు సంతలో ఎద్దును అమ్మేటప్పుడు దాని సుడిని, వాతను దాచడం నేరమని మన పల్లెల పెద్దలు కూడ చెబుతారు. కారు అమ్మేవాడు ఏ భాగానికి రంగు వేయించాడో, ఎందుకు వేయించాడో నోటితో చెబితే ఆ రంగు కలాయి అవుతుంది. దాచితే అదే రంగు ముసుగు అవుతుంది. కొనేవాడు కూడ కళ్లు మూసుకోరాదు. పలుచని గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని ఉక్కు తలుపులపై, మడ్గార్డులపై అంటించి చూస్తే, లప్పం మందంగా ఉన్నచోట అది పట్టుకోదు. తలుపు రబ్బరు కొద్దిగా తొలగించి చూస్తే లోపలి రంగు, బయటి రంగు ఒకటేనో కాదో తెలుస్తుంది. ఈ రెండు పరీక్షలకు పైసా ఖర్చు లేదు.

మరొక సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణమౌతుంది. మన కార్లకు రంగు కొట్టేది ఎవరు? అధికభాగం చదువు మధ్యలో మానిన యువకులు. ఉస్తాదు పక్కన చేరి, సంవత్సరాల తరబడి తోమడం నేర్చి, ఒకనాటికి రంగు తుపాకీ పట్టేవారు. వారిలో మన విద్యార్థుల అన్నదమ్ములున్నారు. రెండు డబ్బాలు కలిపి కొట్టే నేటి పాలియూరిథేన్ రంగుల గట్టిపరచే మందులో ఐసోసైనేట్లు అనే రసాయనాలుంటాయి. వాటి తుంపర పీల్చడం వలన ఉబ్బసం వస్తుందని వైద్యశాస్త్రం నిస్సందేహంగా చెబుతున్నది; ఒకసారి ఆ జబ్బు పట్టుకుంటే, ఆ పని మానినా కొందరిని అది విడువదు. ముఖానికి చుట్టుకున్న రుమాలు ఆ ఆవిరిని ఆపదు. దానికి తగిన మాస్కు, బయటినుండి స్వచ్ఛమైన గాలి అందించే ఏర్పాటు, గాలిని లాగివేసే గది కావాలి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు; దానిని పొడిగా గీకితే లేచే ధూళి మరీ హానికరం. అనవసరంగా వేయించే ప్రతి పూర్తి రంగూ మన ఆడంబరానికి మరొకరి ఊపిరితిత్తులతో చెల్లించే మూల్యమని గుర్తుంచుకోవాలి. అవసరమై వేయించేటప్పుడు, ధర తగ్గించమని అడిగే నోటితోనే, మాస్కు ఉన్నదా అని కూడ అడగాలి. రెండు వందలు ఎక్కువైనా తగిన ఏర్పాట్లున్న షెడ్డుకే పని ఇవ్వాలి.

దీనికి ఎదురుగా ఒక వాదం వినిపిస్తుంది. అందరూ మీ మాట విని పాలిషుతో సరిపెట్టుకుంటే రంగు మేస్త్రీల పొట్ట గడిచేదెట్లా అన్నది ఆ వాదం. ఇది తోసివేయదగినది కాదు. ఐతే రఫూ కూడ పనే; అది రంగు కొట్టడం కంటే ఎక్కువ నేర్పు కోరే పని. పాత రంగును చదవడం, దాని మందం అంచనా వేయడం, చెడినంత మేరకే తీసి కొత్తదాన్ని పాతదానిలో కలిపివేయడం ఉత్తమమైన విద్య. ఆ విద్యకు తగిన కూలి ఇవ్వడానికి మనం సిద్ధపడితే, మేస్త్రి పొట్ట కొట్టినట్లు కాదు, అతని చేతికి గౌరవం పెంచినట్లు. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో చేరే యువకులు ఈ నేర్పును శాస్త్రీయంగా అభ్యసిస్తే వారి బ్రతుకు బాగుపడుతుంది, ఆరోగ్యమూ నిలుస్తుంది.

మరొక వాదం పరువుకు సంబంధించినది. పదిమందిలో వెలిసిన కారులోనుండి దిగడం నామోషీ అంటారు. పేదవాని నామోషీని నేను ఎగతాళి చేయను; కలిగినవాని నిర్లక్ష్యం సరళత అనిపించుకుంటుంది, లేనివాని పొదుపు లేమి అనిపించుకుంటుంది. లోకం తీరు అది. కాని శుభ్రంగా కడిగి, మెరుగుపెట్టి, సొట్టలు లేకుండా చూసుకున్న పాత కారు ఎవరినీ తలవంచుకోనివ్వదు. అప్పు చేసి వేయించిన రంగు పెండ్లిపందిరి తీసేలోగా పాతబడుతుంది. అప్పు మాత్రం నిత్యనూతనంగా ఉంటుంది. ఇక టాక్సీ నడిపి బ్రతికేవారికి కారు రూపమే జీవనాధారం. వారికి రంగు ఖర్చు పెట్టుబడి అవుతుంది. వారి లెక్క వేరు, దానిని కాదనలేము.

కావున పాత కారు కలిగిన సోదరులకు నా మనవి ఇది. ముందుగా కడిగి చూడండి, తడిపి చూడండి, గోటితో తడిమి చూడండి. పైపొర జబ్బైతే పాలిషుతో, మైనంతో సరిపెట్టుకోండి. తుప్పు కనబడితే ఆ భాగానికి వెంటనే, సక్రమంగా, అదే రంగు వేయించండి. కారంతా పెచ్చులూడితే తప్ప మొత్తం రంగుకు పోకండి. పోతే పత్రంలో ఉన్న రంగే వేయించండి, పనిచేసేవాని ఊపిరిని గూర్చి ఆలోచించండి. అమ్మేనాడు జరిగినదంతా కొనేవానికి చెప్పండి. ఆ మాటకు ధర కొంత తగ్గితే తగ్గనివ్వండి. తగ్గిన ఆ కొద్ది సొమ్ము మీ తరువాత ఆ కారులో తమ పిల్లలను కూర్చోబెట్టుకొని తిరిగే కుటుంబానికి మీరిచ్చిన భద్రత.